వెనక స్టెప్నీ క్యారియర్: అపోహలు - వాస్తవాలు

మేడారం, తాడ్వాయి, భూపాలపల్లి వైపు ఎక్కువగా తిరిగేవాళ్లలో ఎస్‌యూవీ వెనక స్టెప్నీ క్యారియర్ పెట్టుకోవాలన్న ఉత్సాహం ఈ మధ్య బాగా పెరిగింది. కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంటి ముందే బిగించేస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ తర్వాత మా షెడ్డుకు వచ్చే బండ్లను చూస్తే భయమేస్తుంది. పరకాల రోడ్డు మీద బొగ్గు లారీల మధ్య పోతుండగా ముప్పై కిలోల టైరు ఊడి పడితే, వెనక బైకు మీద వచ్చేవాడి పరిస్థితి ఏమిటి? అందుకే పానా చేతిలోకి తీసుకునే ముందే ఈ నాలుగు మాటలు చదవండి.

అపోహ: "టైరే కదన్నా, వెనక డోర్‌కు నాలుగు బోల్టులు కొడితే అయిపోతది."

బొలెరో, థార్, జిమ్నీ లాంటి బండ్లకు స్టెప్నీ వెనక డోర్ మీదే వస్తుంది కదా అని ఉదాహరణ చూపిస్తారు. నిజమే. కానీ ఆ డోర్లను మొదటి నుంచే ఆ బరువు కోసం తయారు చేశారు. లోపల అదనపు రేకు ఉంటుంది, కబ్జాలు పెద్దవి, లాక్ గట్టిది. ఫార్చ్యూనర్, ఇన్నోవా లాంటి బండ్లకు స్టెప్నీ అడుగున ఉంటుంది, వెనక డోర్ పైకి లేస్తుంది. ఆ డోర్‌ను పైకి లేపి పట్టుకునే గ్యాస్ రాడ్లు డోర్ బరువుకే లెక్కగట్టినవి. ఆ డోర్ మీద టైరు పెడితే, లేపిన డోర్ నిలబడదు, కొన్నాళ్లకు బోల్టు చుట్టూ రేకు పగులుతుంది. ఇలాంటి బండికి క్యారియర్ భారమంతా ఛాసిస్ మీద పడాలి. హారియర్ లాంటి మోనోకాక్ బండికి విడిగా ఛాసిస్సే ఉండదు కాబట్టి, దానికి ఈ ఆలోచన మానుకోమనే చెబుతాను.

అపోహ: "మందం పైపు వేస్తే ఎంత బరువైనా ఆగుతుంది."

నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే, ఎక్కువ మంది పొరబడేదీ ఇక్కడే. టైరును మోసే పైపు చేయి తలుపులా పక్కకు తెరుచుకునే క్యారియర్‌లో పైపు విరగడం అరుదు. దెబ్బంతా ఆ చేయి తిరిగే ఇరుసు, అంటే స్పిండిల్ దగ్గరే తగులుతుంది. నిండు బిందెను ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ, చేయి చాపి పట్టుకోవడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే. 30 కిలోల టైరు స్పిండిల్‌కు మీటరు దూరంలో వేలాడుతోందనుకోండి. స్పిండిల్‌లో పై బేరింగ్‌కూ కింది బేరింగ్‌కూ మధ్య 10 సెంటీమీటర్లే ఉంటే, ఒక్కో బేరింగ్ మీద దాదాపు 300 కిలోల తోపు పడుతుంది. ఇది చేయి తెరిచి ఉంచి, బండి కదలకుండా ఉన్నప్పటి లెక్క. ఆ దూరాన్ని 15 సెంటీమీటర్లకు పెంచితే తోపు 200 కిలోలకు దిగుతుంది. పైపు మందం పెంచితే మాత్రం చేయి బరువు పెరిగి స్పిండిల్ మీద భారం ఇంకా ఎక్కువవుతుంది. కాబట్టి కిట్ కొనేటప్పుడు పైపు మందం కన్నా ముందు స్పిండిల్ పొడవు, బేరింగులా బుష్షులా, గ్రీజు పెట్టే నిప్పల్ ఉందా లేదా అన్నది చూడండి.

చేయి మూసినప్పుడు రెండో చివర రబ్బరు దిమ్మ మీద గట్టిగా ఆనాలి, లాచ్ (గడియ) దాన్ని బిగించి లాగి పట్టాలి. అప్పుడే గుంతల్లో స్పిండిల్‌కు ఊరట. లాచ్ వదులైనా చేయి తెరుచుకోకుండా ఆపేలా అదనంగా ఒక పిన్ కూడా ఉండాలి. అది లేని కిట్ జోలికి పోవద్దు.

అపోహ: "బోల్టు కన్నా వెల్డింగే గట్టిది."

షెడ్డులో రోజూ వెల్డింగ్ చేసే నేనే చెబుతున్నా, ఇంటి దగ్గర ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టించవద్దు. వేడి తగిలిన చోట ఉక్కు గుణం మారుతుంది, పగులు తరచుగా ఆ అంచునే మొదలవుతుంది. డీజిల్ ట్యాంకు, వైరింగ్ దగ్గర్లోనే ఉంటాయి. కంపెనీ ఛాసిస్‌లో ఉంచిన రంధ్రాలకు బోల్టులతో బిగిసే కిట్టే మేలు. ఎక్కడైనా డ్రిల్ చేయక తప్పకపోతే, ఆ అంచుకు జింక్ ప్రైమర్ పూయకుండా బోల్టు పెట్టకండి. మన దగ్గర వానాకాలం బురద ఒక్కసారి లోపలికి చేరితే తుప్పు అక్కడే మొదలవుతుంది.

అపోహ: "బలమంతా పెట్టి బిగిస్తే ఇక ఊడదు."

అతిగా బిగిస్తే బోల్టు సాగిపోతుంది, సాగిన బోల్టుకు పట్టు ఉండదు. తల మీద 8.8 అని ఉన్న ఎం12 (12 మిల్లీమీటర్ల) బోల్టుకు సుమారు 80 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. కిట్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఆ బిగింపును కొలిచే పానా, అంటే టార్క్ రెంచ్ లేకపోతే తెలిసిన మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకోండి. ముందు బోల్టులన్నీ చేతితో వదులుగా ఎక్కించి, బ్రాకెట్ సమంగా కూర్చున్నాకే బిగించాలి. లాచ్‌ను టైరు లేకుండా ఒకసారి, టైరు ఎక్కించాక మరోసారి సరిచేయాలి. బరువు పడగానే చేయి కొద్దిగా కిందికి దిగుతుంది. నైలాన్ రింగున్న నట్టును ఒకసారి విప్పితే కొత్తది వేయాల్సిందే. వంద కిలోమీటర్లు తిరిగాక అన్నీ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి.

ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు బోల్టు తల చుట్టూ చూస్తుండండి. వాషర్ అంచున ఎర్రటి పొడి సన్నటి వలయంలా కనిపిస్తే, తుప్పే కదా అని తుడిచేయకండి. బోల్టు లోపల కదులుతోందనడానికి అది గుర్తు. టైరును పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపండి. టక్ మని చప్పుడు వస్తే స్పిండిల్ వదులవడం మొదలైనట్టే.

అపోహ: "స్టెప్నీ జాగా మారిస్తే ఎవరు అడుగుతరు?"

అడుగుతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షన్ కింద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కిట్ అమ్మేవాడి మాట నమ్మకుండా, కొనే ముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున అడ్డు తగలవచ్చు. నంబర్ ప్లేటు, దాని లైటు, బ్రేక్ లైట్లు, రివర్స్ కెమెరా ఏవీ టైరు చాటుకు పోకూడదు.

అపోహ: "బయట ఉంటే టైరుకు గాలి తగులుతది, మంచిదే."

గాలితో పాటు ఎండ కూడా తగులుతుంది. రామగుండం వైపు ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండకు రబ్బరు గట్టిపడి పక్క గోడల మీద సన్నటి పగుళ్లు వస్తాయి. కవర్ వేయండి, నెలకోసారి గాలి చూడండి. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర ఉండే నాలుగు అంకెలు తయారీ తేదీ చెబుతాయి. 2322 అంటే 2022లో 23వ వారం. పదేళ్లు దాటిన స్టెప్నీని అరుగుదల లేదని నమ్మి ఏటూరునాగారం అడవి దారిలో వాడకండి, మార్చేయండి.