బ్యాటరీ లైటు వెలిగితే తప్పు బ్యాటరీదేనా?

బండి నడుస్తుండగా డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా బ్యాటరీ బొమ్మ వెలిగితే చాలామంది ముందుగా కొత్త బ్యాటరీ కొంటారు. ఒకటి రెండు రోజులు బండి బాగానే తిరుగుతుంది. ఆ తర్వాత కొత్తది కూడా దిగిపోయి మొండికేస్తుంది. డబ్బు పోయింది, రోగం అలాగే ఉంది. నిజానికి ఆ లైటు చూసేది బ్యాటరీ వయసును కాదు, దానికి ఛార్జింగ్ అందుతోందా లేదా అన్నదే.

ఇంజిన్ స్టార్ట్ అయ్యేవరకే బ్యాటరీకి పెద్ద పని. ఆ తర్వాత హెడ్‌లైట్లకూ, ఫ్యాన్‌కూ, ఇంజిన్ కంప్యూటర్‌కూ కరెంటు ఇచ్చేది, బ్యాటరీని మళ్లీ నింపేది ఆల్టర్నేటర్. 1831లో మైకేల్ ఫారడే కనుక్కున్న విద్యుదయస్కాంత ప్రేరణ మీదే అది పనిచేస్తుంది. మధ్యలో తిరిగే రోటర్ చుట్టలోకి కొంచెం కరెంటు పోనిస్తే అది అయస్కాంతమవుతుంది. ఇంజిన్ బెల్టు దాన్ని తిప్పినప్పుడు చుట్టూ ఉన్న తీగచుట్టల్లో ఏసీ, అంటే దిశ మారుతూ పారే కరెంటు పుడుతుంది. కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు దాన్ని డీసీగా, అంటే ఒకే దిశలో పారే కరెంటుగా మారుస్తాయి, రెగ్యులేటర్ వోల్టేజిని 14 దగ్గర పట్టి ఉంచుతుంది.

ఇక ఆ లైటు. పాత బండ్లలో దాని కనెక్షన్ చూస్తే ముచ్చటేస్తుంది. బల్బుకు ఒక కొసన కీ ద్వారా వచ్చే బ్యాటరీ వోల్టేజి, రెండో కొసన ఆల్టర్నేటర్. కీ ఆన్ చేయగానే కరెంటు బల్బు గుండా రోటర్‌లోకి పారుతుంది, లైటు వెలుగుతుంది. రోటర్‌కు తొలి అయస్కాంత శక్తినిచ్చేది కూడా ఆ చిన్న కరెంటే. ఇంజిన్ అందుకుని ఆల్టర్నేటర్ పనిచేయడం మొదలుపెడితే బల్బుకు రెండు వైపులా వోల్టేజి సమానమవుతుంది. ఒకే మట్టంలో నీళ్లున్న రెండు తొట్లను పైపుతో కలిపితే నీళ్లు కదలనట్టే ఇక్కడా కరెంటు ఆగి లైటు ఆరిపోతుంది. అందుకే కీ ఆన్ చేసినప్పుడు ఈ లైటు అసలు వెలగకపోయినా అనుమానించాల్సిందే. బల్బు మాడిపోతే కొన్ని బండ్లలో ఛార్జింగే మొదలుకాదు. ఆరీ ఆరనట్టు మసకగా వెలుగుతుంటే డయోడ్ల మీద అనుమానం పెట్టుకోవచ్చు. కొత్త బండ్లలో ఈ లైటును వెలిగించాలా వద్దా అన్నది ఎక్కువగా కంప్యూటరే నిర్ణయిస్తుంది.

దారిలో లైటు వెలిగితే ముందు ఇంజిన్ వేడి చూపించే ముల్లును చూడండి. చాలా ఇంజిన్లలో ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది. బెల్టు తెగితే ఛార్జింగ్‌తో పాటు కూలింగ్ కూడా పోతుంది. వేడి పెరుగుతున్నా, స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కినా వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. అవేమీ లేకపోతే ఏసీ, పాటలు, ఫోన్ ఛార్జర్ కట్టేసి నేరుగా మెకానిక్ దగ్గరికి పోవచ్చు. మధ్యలో మాత్రం ఇంజిన్ ఆపొద్దు. సెల్ఫ్ మోటారు వందకు పైగా ఆంపియర్లు లాగుతుంది, మళ్లీ స్టార్ట్ చేయడానికి అంత శక్తి మిగలకపోవచ్చు. మంచి బ్యాటరీ అయితే అరగంట, గంట దాకా లాక్కురావచ్చు. రాత్రి హెడ్‌లైట్లు వేసుకుంటే ఆ భరోసా తగ్గుతుంది.

ఇంజిన్ ఆపాక బానెట్ ఎత్తి బెల్టు వదులైందా, అంచులు చిట్లాయా చూడాలి. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే శుభ్రం చేయాలి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్.

ఆ తర్వాత మల్టీమీటర్. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. 12.3 చూపించి ఇంకా దిగుతుంటే ఛార్జింగ్ లేదు. 15 దాటిపోతుంటే రెగ్యులేటర్ అదుపు తప్పింది, బ్యాటరీ ఉడికిపోతుంది. కంప్యూటర్ వోల్టేజిని అవసరాన్ని బట్టి మార్చే కొత్త బండ్లలో ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి.

చాలామంది వదిలేసే పరీక్ష ఇంకొకటుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించే బోల్టు దగ్గర ఒకసారి, బ్యాటరీ దగ్గర ఒకసారి వోల్టేజి కొలవండి. అక్కడ 14.2, ఇక్కడ 13.0 వచ్చిందనుకుందాం. ఆల్టర్నేటర్ బాగానే ఉంది, 1.2 వోల్టులు దారిలో పోతున్నాయి. 40 ఆంపియర్లు పారే చోట 0.03 ఓమ్‌ల నిరోధం ఉంటే చాలు, అంత నష్టం వస్తుంది. అంటే చిలుము పట్టిన ఒక్క జాయింటు దగ్గరే 48 వాట్ల వేడి. వైరు తొడుగు కరిగేది అక్కడే. బాడీకి ఎర్త్ బిగించిన చోటు కూడా ఇలాగే చూడాలి. ఇది చూడకుండా ఆల్టర్నేటర్ మార్చడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. తప్పు ఆల్టర్నేటర్‌దే అని తేలినా, చాలా బండ్లలో రోటర్‌కు కరెంటు అందించే అరిగిన కార్బన్ బ్రష్‌లనో, రెగ్యులేటర్‌నో మారిస్తే సరిపోతుంది.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, ఆగిపోతుందేమో చూద్దామనేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఒప్పుకోకండి. బ్యాటరీ ఒక్కసారిగా తప్పుకుంటే వోల్టేజి క్షణంలో పదుల వోల్టులకు ఎగబాకుతుంది. ఇంజిన్ కంప్యూటర్, డయోడ్లు దెబ్బతినడానికి ఆ క్షణం చాలు.

రిపేరు అయ్యాక, బాగా దిగిపోయిన బ్యాటరీని బయటి ఛార్జర్‌తో నిదానంగా నింపించండి. ఖాళీ బ్యాటరీని నింపే భారం మొత్తం ఆల్టర్నేటర్ మీదే వేస్తే అది విపరీతంగా వేడెక్కుతుంది. అలాగని దిగిన బ్యాటరీని వారాల తరబడి పక్కన పెట్టినా ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తిగా కోలుకోదు.