మెడికల్ జర్నల్లో పేపర్: నా గదికి వచ్చే అపోహలు, అసలు వాస్తవాలు

నేను ఒక మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ చెబుతాను. పరిశోధనల్లో రోగులకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీకి (ఐఈసీకి) మెంబర్ సెక్రటరీ పని కూడా నాదే. వీలైనప్పుడు ఒకటి రెండు జర్నళ్లకు వచ్చిన పేపర్లు అచ్చుకు ముందు చదివి రివ్యూలు రాస్తాను. థీసిస్ సబ్మిషన్ దగ్గర పడిందంటే నా గది ముందు పీజీలు వరుసగా నిలబడతారు. మోసం చేయాలని వచ్చేవాళ్లు చాలా తక్కువ. సీనియర్లు చెప్పిన మాట పట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ మాటల్లో నేను పదే పదే వినేవి ఇవి.

అపోహ: స్టడీ అయిపోయాక ఎథిక్స్ లెటర్ తెచ్చుకోవచ్చు

పోయినేడు ఒక పీజీ అరవై మంది రోగుల డేటాతో వచ్చాడు. "సార్, జర్నల్ వాళ్లు ఐఈసీ నంబర్ అడుగుతున్నారు. పాత తేదీ వేసి ఒక లెటర్ ఇప్పిస్తారా?" అన్నాడు. అడగకూడనిది అడుగుతున్నానన్న జంకు కూడా అతని ముఖంలో లేదు. ఎవరూ చెప్పలేదు మరి. అది మా లోపం.

కమిటీ పరిశీలించాల్సింది రోగికి జరగబోయేదాన్ని. అరవై మంది దగ్గరా అదనంగా రక్తం తీసేశాక మేం కొత్తగా కాపాడేది ఏమీ ఉండదు. 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు స్టడీ మొదలుపెట్టక ముందే అనుమతి ఉండాలంటున్నాయి. పాత కేస్ షీట్లు మాత్రమే చూసే స్టడీ అయితే సమ్మతి నుంచి మినహాయింపు దొరకవచ్చు. అయితే ఆ మినహాయింపు ఇవ్వాల్సింది కమిటీయే, గైడ్ కాదు. క్లినికల్ ట్రయల్ అయితే దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీలో రిజిస్ట్రేషన్ కూడా కావాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ మొదటి రోగిని చేర్చుకోక ముందే నమోదు చేయాలి. ఎడిటర్లు ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఆ అబ్బాయికి లెటర్ ఇవ్వలేదు. పేపర్ ఆగిపోయింది. అరవై మంది ఇచ్చిన రక్తం ఎవరికీ పనికిరాకుండా పోయిందే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అపోహ: హెడ్మాస్టర్, వార్డెన్ సంతకం ఉంటే పిల్లల సమ్మతి అయినట్టే

స్కూళ్లలో, హాస్టళ్లలో సర్వే చేసేవాళ్లు ఈ మాట తరచుగా అంటారు. మన ఖమ్మం జిల్లాలో 2009లో గిరిజన హాస్టళ్ల అమ్మాయిలతో సహా వేలమందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు కింద టీకాలు వేశారు. 2010లో దాన్ని నిలిపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ ఫారాలు తీసి చూస్తే, తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన చోట వార్డెన్ల సంతకాలు వేలల్లో కనిపించాయి. స్కూల్లోకి రానివ్వడానికి హెడ్మాస్టర్ అనుమతి కావాలి. పిల్లవాడి విషయంలో సమ్మతి మాత్రం అమ్మానాన్నలదే. కాస్త పెద్ద పిల్లలైతే వాళ్ల ఇష్టం కూడా అడగాలి.

అపోహ: కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే ఫొటో ఎవరిదో తెలియదు

ఒకసారి ఒక కేస్ రిపోర్ట్ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టుకున్నాను. చర్మవ్యాధి ఉన్న ఒకావిడ ఫొటో. కళ్ల మీద నల్ల పట్టీ ఉంది. ఫైళ్లు తెచ్చిన అటెండర్ దాన్ని చూసి ఆగిపోయాడు. "ఈమె మా వీధిలో ఆమే సార్. ఏమైంది ఈమెకి?" అన్నాడు. ముంజేతి మీది పచ్చబొట్టు, ముక్కుకి రెండు వైపులా పుడకలు. అతనికి అవే చాలు. నేను ఆ కాగితం బోర్లా పెట్టాను.

వైద్య పత్రికల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ, అంటే ఐసీఎంజేఈ, కళ్లు కప్పితే సరిపోదని తన నిబంధనల్లో సూటిగానే రాసింది. ఆపరేషన్‌కి ఇచ్చిన కన్సెంట్ ప్రచురణకు చెల్లదు, దానికి వేరే ఫారం కావాలి. అది ఆమెకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. చదువు రాకపోతే సాక్షి ముందు చదివి వినిపించాలి. ఫొటో ఇంటర్నెట్‌లో ఉంటుందని, ఒకసారి అచ్చయ్యాక వెనక్కి తీసుకోవడం మన చేతిలో ఉండదని చెప్పాలి. వీలైతే అచ్చయ్యే ఫొటోనే ముందుగా ఆమెకు చూపించండి. మచ్చ ఉన్న భాగం వరకే కత్తిరించండి. ఊరు, చేరిన తేదీ అవసరం లేకపోతే తీసేయండి. అలాగని గుర్తుపట్టకుండా ఉండాలని వయసు మార్చడం, ఆడమనిషిని మగమనిషిగా రాయడం చేయకూడదు. అది తప్పుడు డేటా అవుతుంది.

అపోహ: హెచ్‌ఓడీ (విభాగాధిపతి) పేరు రచయితల్లో పెట్టడం మర్యాద

ఇది రాయడానికి నేనూ కొన్నేళ్లు జంకాను. పీజీగా ఉన్నప్పుడు నా మొదటి పేపర్లో రెండు పేర్లు అలా చేరినవే. ఆ ఇద్దరూ ఆ పేపర్ చదవలేదని నాకు తెలుసు.

రచయితగా పేరు ఉండాలంటే ఐసీఎంజేఈ నాలుగు షరతులు పెట్టింది. ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పని చేసి ఉండాలి. రాయడంలో, లేదా లోతుగా దిద్దడంలో చేయి ఉండాలి. చివరి ప్రతికి ఒప్పుకోవాలి. రేపు ప్రశ్న వస్తే జవాబు చెప్పడానికి నిలబడాలి. నాలుగూ ఉండాలి, ఏదో ఒకటి ఉంటే సరిపోదు. గది ఇచ్చినవాళ్లకు, రోగుల్ని పంపినవాళ్లకు చివర్లో కృతజ్ఞతలు చెబితే అది గౌరవమే.

నాలుగో షరతు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే 2020 గుర్తు చేసుకోండి. కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తే మరణాలు పెరుగుతున్నాయని మే 22న లాన్సెట్‌లో ఒక పేపర్ వచ్చింది. ఆరు ఖండాల్లోని 671 ఆసుపత్రుల డేటా అన్నారు. కొద్ది రోజుల్లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందును తాత్కాలికంగా ఆపింది. డేటా చూపించమని అందరూ అడిగేసరికి, ఆ డేటా సమకూర్చిన సర్జిస్ఫియర్ అనే కంపెనీ దాన్ని స్వతంత్ర పరిశీలకులకు ఇవ్వలేదు. నలుగురు రచయితల్లో ముగ్గురు ఆ డేటాకు తాము పూచీ పడలేమన్నారు. జూన్ 4న పేపర్ ఉపసంహరించారు. అంత పెద్ద జర్నల్, అంత పేరున్న వైద్యులు. మూల డేటా తెరిచి చూడకుండా పేరు ఇచ్చారు.

ఇంకో వైపు అన్యాయం కూడా ఉంది. ఓపీలో నిలబడి డేటా అంతా రాసిన పీజీ పేరు, అతను కోర్సు ముగించి వెళ్లాక మాయమవుతుంది. స్టడీ మొదటి రోజే ఎవరు ఏ పని చేస్తారో, పేర్లు ఏ వరుసలో వస్తాయో ఒక కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టండి. తర్వాత చాలా టెన్షన్ తగ్గుతుంది.

అపోహ: సిమిలారిటీ పది శాతం లోపు వస్తే పేపర్ క్లీన్

సిమిలారిటీ అంటే ఇతరుల రాతలతో మాటలు ఎంత కలిశాయన్న లెక్క. సాఫ్ట్‌వేర్ ఆ మాటల పోలికే చూస్తుంది. డేటా కల్పించారో లేదో దానికి తెలియదు. నేను రివ్యూ చేసిన ఒక పేపర్లో సిమిలారిటీ నాలుగు శాతమే. రోగులందరి వివరాలు వరుసగా ఉండే మాస్టర్ చార్ట్ అడిగి తెప్పించుకున్నాను. బీపీ రీడింగులన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగిశాయి, రెండేళ్ల ఫాలో అప్‌లో ఒక్క రోగి కూడా మధ్యలో మానేయలేదు. మన ఓపీల్లో అలా జరగదు. ఖాళీ గళ్లు ఉన్న నిజమైన చార్ట్ పంపండి, ఎడిటర్‌కి కారణం చెప్పండి. ఖాళీ గడి తప్పు కాదు, నింపేయడం తప్పు.

చాట్‌జీపీటీ లాంటివి వాడితే ఎక్కడ వాడారో రాయండి. రచయితగా దాని పేరు పెట్టకూడదు, అది దేనికీ పూచీ పడలేదు కాబట్టి.

అపోహ: మందు పనిచేయలేదని తేలితే పేపర్ వేయడం దండగ

1980లో లోర్కైనైడ్ అనే మందును గుండెపోటు వచ్చినవాళ్ల మీద పరీక్షించారు. వందమంది కూడా లేని చిన్న ట్రయల్ అది. మందు తీసుకున్నవాళ్లలో తొమ్మిది మంది, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) తీసుకున్నవాళ్లలో ఒకరు చనిపోయారు. వాణిజ్య కారణాలతో ఆ మందు తయారీని ఆపేశారు, ఫలితాలు అచ్చు కాలేదు. అదే కోవకు చెందిన ఇతర మందులు మాత్రం గుండె లయ సరిచేస్తాయన్న నమ్మకంతో వాడుతూ పోయారు. వాటివల్ల మరణాలు పెరుగుతున్నాయని 1989లో పెద్ద ట్రయల్ తేల్చింది. లోర్కైనైడ్ పరిశోధకులు తమ ఫలితాలను 1993లో ప్రచురించి, అవి ముందే వచ్చి ఉంటే హెచ్చరికగా పనికొచ్చేవని ఒప్పుకున్నారు. మీ ఫలితం నిరాశగా ఉందని డ్రాయర్‌లో పెట్టేముందు ఈ పదమూడేళ్లు గుర్తు తెచ్చుకోండి.

అపోహ: ఫీజు తీసుకునే జర్నల్ అంతా నకిలీ

కాదు. ఎవరైనా ఉచితంగా చదవగలిగే మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు కూడా ఫీజు తీసుకుంటాయి. అడగాల్సింది రివ్యూ నిజంగా జరుగుతుందా అని. వారంలో అచ్చు వేస్తామని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే ఆ వైపు వెళ్లకండి. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఒక సంస్థ పీర్ రివ్యూ విషయంలో, ఫీజుల విషయంలో పరిశోధకులను తప్పుదారి పట్టించిందని 2019లో అమెరికా కోర్టు తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

అపోహ: పేపర్ వెనక్కి తీసుకుంటే కెరీర్ పోయినట్టే

మోసం బయటపడి తీసేసినది వేరు, రచయితే తప్పు చూసి చెప్పినది వేరు. ఉపసంహరణ నోటీసులో కారణం స్పష్టంగా రాయాలని ఎడిటర్లకు, ప్రచురణలో నైతికత చూసే కోప్ అనే సంస్థ సూచిస్తుంది. చిన్న తప్పు అయితే సవరణతో సరిపోతుంది.

మా దగ్గర ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, పేపర్ వచ్చిన మూడు నెలలకు, డోసు పట్టికలో మిల్లీగ్రాములకు బదులు మైక్రోగ్రాములు పడ్డాయని గమనించింది. రాత్రంతా నిద్రపోలేదట. పొద్దున్నే నా గదికి వచ్చింది. ఇద్దరం కూర్చుని ఎడిటర్‌కి మెయిల్ రాశాం: ఏ పట్టిక, ఏ వరుస, ఉన్నది ఏమిటి, ఉండాల్సింది ఏమిటి, లెక్కలు మళ్లీ చేస్తే ముగింపు మారిందా లేదా. అసలు డేటా ఫైలు జత చేశాం. సవరణ అచ్చయింది. ఆమె ఇప్పుడు అదే జర్నల్‌కి రివ్యూలు చేస్తోంది.