సంచిలో దొప్ప

పటమట, విజయవాడ

పిల్లలూ,

మొన్న ఫోన్లో "ఐసు సంచి పారేశావా అమ్మమ్మా?" అని అడిగారుగా. బజారు నుంచి ఐసు వేసి సరుకులు చల్లగా తెచ్చుకునే సంచి, పారెయ్యలేదు. పోయింది లోపల వెండిలా మెరిసే పొర ఒక్కటే. మడత పడ్డ చోటల్లా చిట్లి, పొలుసులుగా రాలి కరివేపాకుకు అంటుకునేది. తప్పు నాదీ ఉంది, తడిపి ఎండలో వేసేదాన్ని.

సంచిని చల్లగా ఉంచేది ఆ మెరుపేనని మీ తాతయ్య వాదన. అది వేడిని కొంత వెనక్కి కొడుతుంది, నిజమే. అసలు కాపలా మాత్రం దాని వెనకున్న ఫోముది. దాన్నిండా చిన్న చిన్న గాలి బుడగలు. కదలకుండా చిక్కుకున్న గాలి వేడిని తొందరగా పోనివ్వదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనూ తాటాకింట్లో ప్రాణం హాయిగా ఉండేది ఇందుకే. నీళ్లు గాలికంటే 20 రెట్లకు పైగా వేడిని మోస్తాయి. ఫోము తడిసిందా, కాపలావాడు నిద్రపోయినట్టే.

మొదటిసారి కొత్త పొరని తెలివి తక్కువగా కుట్టాను. జాకెట్టు కత్తిరించినట్టు అయిదు ముక్కలు కోసి, గుండుసూదులు గుచ్చి, మెషిను మీద సన్నకుట్టు వేశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. రొయ్యలు తెచ్చిన రోజు తెలిసింది. ఐసు కరిగి, ప్రతి సూది రంధ్రంలోంచీ నీళ్లు ఊరాయి. ఆటోలో నా చీర కుచ్చిళ్లన్నీ రొయ్యల నీళ్లే! ఆటో అబ్బాయి మొహం చూడలేకపోయాను.

అప్పుడు విస్తరాకు దొప్ప గుర్తొచ్చింది. దొప్పకి అడుగున కుట్టెక్కడుంది? ఆకు కొయ్యరు, మూలలు మడిచి పుల్ల గుచ్చుతారు, అదీ పైన.

వన్‌టౌన్‌లో రెయిన్‌కోటు బట్ట ఒక మీటరు తెచ్చాను. మన సంచి లోపల పొడవు 18 అంగుళాలు, వెడల్పు 10, ఎత్తు 9. ఎత్తు రెండు వైపులా కలుపుకోవాలి: 18కి 18 కలిపితే 36, 10కి 18 కలిపితే 28. అంచు మడతకి మరో అంగుళం. అంటే 37కి 29, ఒకే ముక్క. నాలుగు మూలల్లో మిగిలిన బట్టని కొయ్యకుండా ముక్కోణాలుగా మడిచి, పొడుగు గోడల వెనక్కి, ఫోము వైపు పడుకోబెట్టాను. ఒక్కో మడత 9 అంగుళాలు. రెండూ వచ్చి గోడ మధ్యలో సరిగ్గా ముక్కూ ముక్కూ రాసుకున్నాయి. లెక్కల మాస్టారికి చెప్పండి, మెచ్చుకుంటారు.

పాత పొర విప్పింది బ్లేడుతో, జిప్పు పక్క కుట్టు ఒక్కొక్కటే తెంపుతూ. రెండు రోజులు ఫోముని ఫ్యాను కింద ఆరబెట్టాకే కొత్తది దింపాను. తడి లోపలుండిపోతే బూజు వాసన ఇక వదలదు.

గుండుసూదుల బదులు బట్టల క్లిప్పులు పెట్టాను. పై అంచు మాత్రం చేత్తోనే, పాలిస్టర్ దారంతో కుట్టాను. నూలు దారం తడికి చీకిపోతుంది. దబ్బనం పట్టుకోకండి, చిల్లులు పెద్దవవుతాయి. వేలితో తడిమితే పాత కుట్టు చిల్లులు తగులుతాయి, సూది వాటిల్లోకే పోనిస్తే అంచు వంకర పోదు.

కుట్టయ్యాక సంచిలో రెండు గ్లాసుల నీళ్లు పోసి, దాని కింద పాత పేపరు పరిచి, వెళ్లి పడుకున్నాను. పొద్దున పేపరు పొడిగానే ఉంది, తాతయ్య చదువుకున్నారు కూడా.

జిప్పు ఇంకా పట్టేస్తోంది. వచ్చేటప్పుడు మీ పుట్టినరోజు కొవ్వొత్తి ముక్కలుంటే తీసుకురండి, రుద్దుదాం.

మీ అమ్మమ్మ