రికార్డులో ఒకటి, ప్రార్థనలో ఒకటి

వైజాగ్ వన్‌టౌన్‌లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడిది ఒక ప్రత్యేకత. అమ్మవారి మీద పైకప్పు ఉండదు, గర్భగుడి గడప అడ్డం ఉండదు. పసుపు కుంకాలు తెచ్చుకున్నవాళ్లు ఎవరికి వారే విగ్రహాన్ని ముట్టుకుని పూజ చేసుకోవచ్చు. ఆడా మగా తేడా లేదు, కులం అడిగే దిక్కు లేదు. మార్గశిర గురువారాల్లో బారులు తీరే జనంలో ఎవరు ఏ పేట నుంచి వచ్చారో ఎవరికీ పట్టదు. అక్కణ్ణుంచి హార్బరు వైపు వెళ్తే మూడు కొండలు. ఒకదాని మీద వేంకటేశ్వరుడు, ఒకదాని మీద మేరీమాత, ఒకదాని మీద మదీనా బాబా దర్గా. మన ఊరి మతసామరస్యం గురించి ఎవరు ఏం రాసినా ఈ మూడు కొండల్నీ ఒక ఫొటోలో ఇరికించకుండా వదలరు. ఫొటో నిజమే, కాదనను.

అదే వన్‌టౌన్‌లో ఓ దళిత కుటుంబం పిల్లాడి అడ్మిషన్ కోసం కుల ధ్రువపత్రానికి వార్డు సచివాలయంలో అర్జీ పెట్టుకుంటే, కులం ఒక్కటి చెబితే సరిపోదు. మతం కూడా తేలాలి. హిందువైతే ఎస్సీ. క్రైస్తవుడైతే బీసీల్లోని సీ గ్రూపు, అంటే బీసీ-సీ. ఎస్సీలకు రిజర్వేషన్ 15 శాతం, బీసీ-సీకి 1 శాతం. తాత ఒకడే, వీధి ఒకటే, గిట్టనివాడు తిట్టే తిట్టూ ఒకటే. కాగితం మీద మాత్రం ఇద్దరూ వేరు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా అన్న వాదన ఎన్నికల ముందు ఓసారి, కోర్టు తీర్పు వచ్చినప్పుడు ఓసారి మనకు వినిపిస్తుంటుంది. ఈ ముడి ఎలా పడిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. కొంత దూరం ఈ ఊరి మీదుగానే.

1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దర్ని విశాఖపట్నం పంపారు. వాళ్లు ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఇక్కడే సువార్తల్ని తెలుగులోకి దించడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ల అనువాదం 1812లో సేరాంపూర్‌లో అచ్చయింది. ఆ పనిలో వాళ్లకు తోడున్న పండితుడు ఆనందరాయరు, క్రైస్తవం పుచ్చుకున్న బ్రాహ్మణుడు. ఇప్పటికీ తెలుగు చర్చిల్లో పాడుకునే కీర్తనలు ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి కూడా పుట్టుకతో బ్రాహ్మణుడే, 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. అంటే తెలుగు క్రైస్తవం తొలి రోజుల్లో కొంతవరకు పండితుల వ్యవహారం. వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది చేరేవారు, వాదించుకునేవారు, రాసుకునేవారు.

తర్వాత సీన్ మారింది. 1860ల తర్వాత మాల మాదిగ పల్లెలు ఊళ్లకు ఊళ్లుగా చర్చి వైపు కదిలాయి. ఒంగోలు దగ్గర 1878 జులై 3న, కరువు ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి కోసం వెళ్లారని ఎద్దేవా చేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు మాత్రం గంజి కన్నా బడే పెద్ద ఆకర్షణగా కనిపిస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరం దిద్దించినవాళ్లు ఆ పల్లెలకు అంతకుముందు ఎంతమంది వచ్చారు?

చర్చిలోకి వెళ్లినవాళ్లు కులాన్ని గుమ్మం బయట వదిలి వెళ్లారా అంటే, లేదు. ఏ మిషన్ ఏ పల్లెకు ముందు వెళ్తే ఆ కులం ఆ మిషన్‌ది అయింది. కోస్తాలో లూథరన్ అంటే ఎక్కువగా మాలలు, అమెరికన్ బాప్టిస్టు అంటే ఎక్కువగా మాదిగలు అన్న లెక్క నేటికీ పెద్దగా చెరగలేదు. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో ‘కమ్మ క్రిస్టియన్’, ‘రెడ్డి క్రిస్టియన్’, ‘మాల క్రిస్టియన్’ అని విడివిడిగా కనిపిస్తుంటే, క్రైస్తవంలో కులం లేదన్న మాట ఎవరిని నమ్మించడానికి? గుర్రం జాషువా అనుభవం అందరికీ తెలిసిందే. కులం చూసి హిందువులు దూరం పెట్టారు, హిందూ పురాణ కథల మీద పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవులు దూరం పెట్టారు.

ఇక చట్టం సంగతి. మన చర్చల్లో అందరూ 1950 నుంచి మొదలుపెడతారు గానీ అసలు గీత 1936లోనే పడింది. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద 1936లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు, భారతీయ క్రైస్తవుడు ఎవరూ షెడ్యూల్డ్ కులంలోకి రారని చెప్పింది. అప్పట్లో దానికి ఓ లెక్క ఉంది. ఆ చట్టం కిందే భారతీయ క్రైస్తవులకు చట్టసభల్లో వేరే సీట్లు, వేరే ఓటర్ల జాబితా ఉండేవి. ఒక మనిషిని రెండు చోట్ల లెక్కపెట్టకూడదు కదా. స్వాతంత్ర్యం వచ్చాక క్రైస్తవుల ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. మినహాయింపు మాత్రం మిగిలిపోయింది.

1947లో మద్రాసు రాష్ట్రం ఆలయ ప్రవేశ చట్టం తెచ్చింది. అప్పుడు విశాఖ జిల్లా ఆ రాష్ట్రంలోదే కాబట్టి ఇక్కడి గుళ్ల తలుపులూ చట్టం దృష్టిలో అప్పుడే అందరికీ తెరుచుకున్నాయి. మూడేళ్లకు, 1950 ఆగస్టు 10న, రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా ప్రకారం హిందూమతం కాక వేరే మతం పాటించేవాళ్లు ఎస్సీలు కారు. అంటరానితనం హిందూ సమాజం పెట్టిన పుండు కాబట్టి మందు కూడా హిందువుగా ఉన్నవాడికే అన్నది దాని వెనక తర్కం. తర్కం బాగానే ఉందనుకుందాం. అదే ఉత్తర్వులో పంజాబ్‌లోని నాలుగు సిక్కు కులాలకు మినహాయింపు ఇచ్చారు. 1956లో దళిత సిక్కులందర్నీ చేర్చారు. 1990లో బౌద్ధుల్ని చేర్చారు. సిక్కు మతమూ కులాన్ని ఒప్పుకోదు, బౌద్ధమూ ఒప్పుకోదు. అయినా మతం మారినంత మాత్రాన ఊళ్లో మర్యాద మారదని ఆ రెండుసార్లూ పార్లమెంటు ఒప్పుకుంది. ఒకసారి ఒప్పుకున్నాక క్రైస్తవుడి దగ్గర, ముస్లిం దగ్గర ఎందుకు ఆగాలన్న ప్రశ్నకు సూటి జవాబు నాకు ఇప్పటిదాకా ఎక్కడా దొరకలేదు.

రాష్ట్రం తనకు చేతనైన సర్దుబాటు చేసుకుంది. 1970 సెప్టెంబరులో జీవో 1793తో బీసీలను ఏ, బీ, సీ, డీ గ్రూపులుగా విడదీసినప్పుడు, క్రైస్తవంలోకి మారిన ఎస్సీల కోసం, వాళ్ల సంతానం కోసం సీ గ్రూపు పెట్టారు. 1977 ఆగస్టులో జీవో 341 వచ్చింది. రాజ్యాంగం తప్పనిసరి చేయని రాయితీలు మతం మారిన ఎస్సీలకూ ఇవ్వొచ్చని అది చెబుతుంది. అంటే ప్రభుత్వం ఒక చేత్తో మీరు వాళ్లు కారని రాసి, రెండో చేత్తో మీరూ వాళ్లేనని కొంత విదిలించింది. ఉద్యోగం, చట్టసభ సీటు, అట్రాసిటీ చట్టం మాత్రం ఈ విదిలింపులోకి రావు.

కోర్టులదీ వంకర దారే. గుంటూరు మెడికల్ కాలేజీ సీటు గురించిన 1976 నాటి కేసులో, క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టినవాడైనా హిందూమతంలోకి వస్తే, తల్లిదండ్రుల పాత కులంవాళ్లు ఒప్పుకుంటే, ఆ కులంలోకి చేరినట్టేనని సుప్రీంకోర్టు చెప్పింది. మతం మారగానే కులం చచ్చిపోయిందనుకుంటే, తిరిగి రావడానికి అది ఎక్కడ కాచుకుని ఉన్నట్టు? 1985లో సూసై కేసు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే క్రైస్తవుడికి, ఎస్సీ చర్మకారులకు ఇచ్చే ప్రభుత్వ బంకు రాలేదు. మతం మారాక కూడా అణచివేత అంతే తీవ్రంగా ఉందని రుజువు చేయాలంది కోర్టు, ఆ రుజువు తన ముందు లేదంది. చెప్పులు కుట్టేవాడి బతుకు మారిందని రుజువు చేయాల్సిన బాధ్యత మాత్రం ఎవరి మీదా పెట్టలేదు.

ఇక్కడ మన జిల్లా మనిషికి మాత్రమే కళ్లెదుట కనిపించే వింత ఒకటుంది. వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్సులో పాడేరు బస్సెక్కి వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్లండి. 2022 ఏప్రిల్ నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లా. ఘాట్ రోడ్డెక్కాక ఊరూరా చర్చిలు కనిపిస్తాయి. ఆ చర్చిల్లో కూర్చున్న గిరిజనుడు ఆదివారం పాట పాడినా, సోమవారం ఎస్టీ సర్టిఫికెట్‌తోనే పనికి పోతాడు. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం మాటే లేదు కాబట్టి. మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా దానంతటదే పోదని, తెగ ఆచారాలతో బంధం ఉందా తెగిందా అన్నది ఏ కేసుకు ఆ కేసు తేల్చుకోవాలని 2004లో సుప్రీంకోర్టు చంద్రమోహనన్ కేసులో చెప్పింది. కొండ మీద ఒక న్యాయం, కొండ కింద ఒక న్యాయం. దీన్ని సమం చేయాలనే వాళ్లూ రెండు రకాలు. కింద ఉన్నవాళ్లకూ ఇవ్వాలని కొందరు, పైన ఉన్నవాళ్లకూ తీసేయాలని కొందరు. రెండో వాదన చేసేవాళ్ల ‘డీలిస్టింగ్’ సభలు ఈమధ్య ఎక్కువయ్యాయి.

లెక్కలు చూస్తే ఇంకో విడ్డూరం. జనగణన ప్రకారం 1971లో ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు 4.19 శాతం. 2011కి వచ్చేసరికి ఉమ్మడి రాష్ట్రంలో 1.34 శాతం. ఈ 40 ఏళ్లలో చర్చిలు తగ్గాయా? గాజువాకలోనో మధురవాడలోనో ఆదివారం పొద్దున్న ఒక వీధి తిరిగితే మైకులే జవాబు చెబుతాయి. మనుషులు చర్చిలో ఉన్నారు, కాగితంలో లేరు. ఇది మోసం అనేవాళ్లున్నారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. మాట పెద్దదే. కానీ మతం దాచుకుంటే తప్ప కులానికి దక్కాల్సినది దక్కదన్న షరతు పెట్టింది ఎవరో కూడా చెప్పుకోవాలి కదా.

అటువైపు వాదన తీసిపారేసేది కాదు. ఎస్సీలకు ఉన్నదే 15 శాతం. అందులోనూ వాటాల కోసం 30 ఏళ్లుగా కొట్లాట. 2025లో రాష్ట్రం చేసిన వర్గీకరణలో రెల్లి గ్రూపుకు 1 శాతం, మాదిగ గ్రూపుకు 6.5, మాల గ్రూపుకు 7.5 వచ్చాయి. ఈ నగరం వీధుల్ని తరాలుగా ఊడ్చిన రెల్లి కుటుంబానికి ఆ 1 శాతమే ఆధారం. మిషన్ బడుల్లో చదువుకుని ఒక తరం ముందున్నవాళ్లు అందులోకి వస్తే మా పిల్లలకేం మిగులుతుందని అడిగితే దాన్ని మతద్వేషం అనలేం. వాటా పెంచకుండా మనుషుల్ని పెంచితే తగాదా తప్పదు. హోదా ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసినా, రాష్ట్ర శాసనసభ 2009లో ఓసారి, 2023 మార్చిలో మరోసారి తీర్మానం చేసి ఢిల్లీకి పంపినా, ఈ వాటా లెక్క జోలికి గట్టిగా వెళ్లినవాళ్లు తక్కువ. తీర్మానానికి ఖర్చు లేదు. మిశ్రా నివేదికను ఒప్పుకోలేమని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసింది.

2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు ఇచ్చిన తీర్పుతో విషయం మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తి తనను కులం పేరుతో దూషించి కొట్టారని పెట్టిన అట్రాసిటీ కేసును కోర్టు కొట్టేసింది. క్రైస్తవంలోకి మారినవాడు ఎస్సీగా ఆ చట్టం రక్షణ కోరలేడని, చేతిలో రద్దుకాని సర్టిఫికెట్ ఉన్నా లాభం లేదని చెప్పింది. క్రైస్తవంలో కులవ్యవస్థ లేదన్నది ఆధారం. తిట్టినవాళ్లు మాత్రం బాప్తిస్మం సంగతి పట్టించుకుని తిట్టరు.

నాకు తెలిసిన ఇంట్లో పెద్దాయన ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. సర్వీసు రిజిస్టరులో ఆయన పేరు అప్పారావు, చర్చిలో పేరు యోహాను. 1993 నాటి రాష్ట్ర చట్టం కింద కుల ధ్రువపత్రం తప్పని తేలితే కలెక్టరు ఎప్పుడైనా రద్దు చేయొచ్చు. ఆ భయంతోనే ఆయన సర్వీసంతా గడిచింది. వీఆర్వో విచారణకు వస్తున్నాడంటే గోడ మీది బైబిలు వాక్యం క్యాలెండరు తీసి బీరువా వెనక పెట్టేవారట, ఆయన భార్య నవ్వుతూ చెప్పారు. ఆయన పోయాక క్రైస్తవుల శ్మశానంలోనే సమాధి చేశారు. రాయి చెక్కించే రోజు కొడుకులిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఫ్యామిలీ పెన్షన్ ఇంకా మంజూరు కాలేదు. రాయి మీద శిలువ పెట్టించారు, పేరు అప్పారావు అనే వేయించారు.