లైటు పెంచే ముందు

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మీరు పంపిన చేపల తొట్టి ఫోటోలు చూశాను. రాళ్ల సందుల్లో ఆ చిన్న మొక్కలు నాటిన తీరు చూస్తేనే ఎంత ఓపిగ్గా కూర్చున్నారో తెలుస్తోంది. మూడు వారాలకే ఆకులు పాలిపోయాయని, అంచులకు పచ్చటి పీచులాంటి పాచి పట్టిందని, అందుకే ఇంకో పెద్ద లైటు కొనాలనుకుంటున్నామని రాశారు. ఆ కొనే పని కొన్నాళ్లు ఆపండి.

స్కూల్లో హైడ్రిల్లా అనే నీటి మొక్కతో ప్రయోగం చేసే ఉంటారు. రెమ్మల మీద గరాటు బోర్లించి, దానిపై నీళ్లు నింపిన పరీక్షనాళిక పెట్టి ఎండలో ఉంచితే సన్నటి బుడగలు వరసగా పైకి వస్తాయి. 1779లో యాన్ ఇంగెన్‌హౌస్ అనే డచ్ వైద్యుడు ఇలాగే నీళ్లలో ముంచిన ఆకులను గమనించి, వెలుగు ఉన్నంతసేపే అవి ఆక్సిజన్ బుడగలు వదులుతాయని, చీకట్లో ఆపేస్తాయని తేల్చాడు. మీ తొట్టి కూడా అలాంటి బీకరే, కాస్త పెద్దది. అయితే ఆ ప్రయోగంలో టీచరు నీళ్లలో చిటికెడు వంటసోడా వేస్తారు, గుర్తుందా? హైడ్రిల్లాకు అందులోంచి కార్బన్ దొరుకుతుంది. అసలు సంగతంతా అక్కడే ఉంది. (మీ తొట్టిలో మాత్రం వంటసోడా వేయకండి. నీటి గుణం ఒక్కసారిగా మారిపోయి చేపలకు ప్రమాదం.)

కార్బన్ డయాక్సైడును మా చదువుల్లో బొగ్గుపులుసు వాయువు అనేవాళ్లం. నేల మీది మొక్కకు అది గాలిలో ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. నీళ్లలో అది కదిలే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. ఆకును అంటుకుని ఉన్న పలచటి నీటి పొరలోని వాయువును ఆకు వాడేసుకున్నాక, మళ్లీ కొత్తది చేరేదాకా ఎదురుచూడాల్సిందే. గాలి సోకిన మామూలు నీటిలో లీటరుకు అర మిల్లీగ్రాము పైచిలుకు ఉంటుంది. చేపలు వదిలే ఊపిరి, అడుగున కుళ్లే చెత్త కలిసి దాన్ని రెండు మూడు మిల్లీగ్రాములకు తీసుకెళ్తాయి. మీ మొక్కలకు ఇప్పుడు ఉన్న ఆస్తి అంతే.

అలాంటి చోట లైటు పెంచితే ఏమవుతుంది? వెలుగు మొక్కను ఇంకా ఇంకా పని చేయమని తొందరపెడుతుంది. చేయడానికి సరుకేమో లేదు. మొక్క నీరసపడి పాత ఆకులు వదిలేస్తుంది. అది వాడుకోలేని వెలుగు, పోషకాలు పాచి పాలవుతాయి. మీ ఆకుల అంచున ఉన్న పీచు అలా వచ్చినదే.

కాబట్టి ముందు లైటు తగ్గించండి. ఇప్పుడు పది గంటలు వేస్తున్నామన్నారు, ఆరు గంటలకు దించండి. ఒక టైమరు పెడితే రోజూ ఒకే సమయానికి వెలిగి ఆరుతుంది. అవకాశం ఉంటే లైటును ఇంకాస్త ఎత్తుకు జరపండి, వెలుగు చాలా తగ్గుతుంది. కిటికీ ఎండ తొట్టి మీద పడనివ్వకండి, నీళ్లే పచ్చగా మారిపోతాయి. డబ్బా మీద రాసిన వాట్లు, ల్యూమెన్లు చూసి మోసపోకండి. వాటు అంటే లైటు తాగే కరెంటు. ల్యూమెను మనిషి కంటికి ఎంత వెలుగు కనిపిస్తుందో చెప్పే లెక్క. మొక్కకు పనికొచ్చేది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుగు. దాన్ని పార్ అనే కొలతతో చెబుతారు. ఆకు దగ్గర అది ముప్పై చుట్టుపక్కల ఉంటే అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ లాంటి నీటి మొక్కలు బయటి నుంచి కార్బన్ డయాక్సైడు గ్యాస్ ఏమీ ఇవ్వకుండానే నెమ్మదిగా, హాయిగా పెరుగుతాయి. నన్నడిగితే మీరు మొదటి ఏడాది వీటితోనే గడపాలి. నేలంతా పరుచుకునే పచ్చిక లాంటి మొక్కలకు, ఎర్రటి ఆకుల మొక్కలకు వెలుగు ఎక్కువ కావాలి. వెలుగు ఎక్కువైతే గ్యాస్ తప్పదు.

ఎప్పటికైనా గ్యాస్ పెడతారు కాబట్టి చెబుతున్నాను. సిలిండరు, గ్యాస్ ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరు, గ్యాసును సన్నటి బుడగలుగా చిదిమే డిఫ్యూజరు కావాలి. సిలిండరు పని పెద్దవాళ్లు దగ్గరుంటేనే ముట్టుకోవాలి. నీటిలో లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాములు ఉంటే మొక్కలకు చాలు. అంతకు మించితే చేపలకు కష్టం. అద్దానికి లోపల అతికించే చిన్న గాజు బుడ్డి ఒకటి ఉంటుంది, డ్రాప్ చెకర్ అంటారు. అందులో ద్రవం నీలంగా ఉంటే గ్యాస్ తక్కువ, ఆకుపచ్చైతే సరిగ్గా ఉంది, పసుపైతే ఎక్కువైంది. కానీ ఆ రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది. అందుకని దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

గ్యాసుతో ఎంత జాగ్రత్తగా ఉండాలో నాకు ఒక తెల్లవారుజామున తెలిసింది. మొక్కలు రాత్రి కార్బన్ డయాక్సైడు తీసుకోవు. మనలాగే ఆక్సిజన్ పీల్చి, కార్బన్ డయాక్సైడునే వదులుతాయి. ఇది తెలిసి కూడా ఆ రాత్రి గ్యాస్ కట్టేయడం మర్చిపోయాను. పొద్దున లేచి చూస్తే చేపలన్నీ నీటి పైపొరకు నోళ్లు ఆనించి ఉన్నాయి. మొప్పలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయో ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. గ్యాస్ ఆపి, గాలి పంపు పెట్టి, సగం నీళ్లు మార్చాను. చాలావరకు తేరుకున్నాయి, రెండు దక్కలేదు. ఆ రోజు నుంచి గ్యాసుకు కూడా టైమరు పెట్టాను. లైటు వెలగడానికి గంటా రెండు గంటల ముందు మొదలవుతుంది, ఆరడానికి గంట ముందే ఆగిపోతుంది. మీరు గ్యాస్ మొదలుపెట్టిన రోజు, పక్కన కూర్చుని చేపల మొప్పలు చూస్తూ ఉండండి. తేడా కనిపిస్తే వెంటనే ఆపేయండి.

సీసాలో పంచదార, ఈస్టు కలిపి గ్యాస్ తయారుచేసే వీడియోలు మీరు చూసే ఉంటారు. రాత్రికి దాన్ని ఆపడం కుదరదు, గొట్టం పూడుకుపోతే సీసా పగలొచ్చు. మీ వయసులో ఆ జోలికి వెళ్లొద్దు.

ప్రస్తుతానికి పాచి పట్టిన ఆకులు కత్తిరించి తీసేయండి, లైటు ఆరు గంటలు, వారానికోసారి కొంత నీళ్లు మార్చడం. మూడు వారాలు ఇంకేమీ కదపకండి. నీళ్లు మార్చిన రోజు అద్దాలకు, రాళ్లకు, ఆకులకు అన్నింటికీ బుడగలు అంటుకుంటాయి. అవి కొత్త నీళ్లలోంచి వచ్చినవి, వాటిని చూసి సంబరపడకండి. మామూలు రోజున, లైటు ఆరడానికి ఒక గంట ముందు తొట్టి ముందు కూర్చోండి. కత్తిరించిన కాడ చివర నుంచి గానీ, ఒక ఆకు అంచు నుంచి గానీ ఒకే వరసలో, గుండుసూది తలంత బుడగలు పైకి వెళ్తుంటే అది మొక్క వదిలినది. ఏ మొక్కలో మొదట కనిపించిందో, ఏ తేదీనో నోటుబుక్కులో రాసి నాకు చెప్పండి.

మీ తాతయ్య