వానలో శాటిలైట్ లింక్: అపోహలు - వాస్తవాలు

వీశాట్ (చిన్న డిష్‌తో నడిచే శాటిలైట్ కనెక్షన్) నెట్‌వర్క్‌లు చూసుకోవడం నా పని. మబ్బు పట్టగానే మొదలయ్యే టెన్షన్‌లో సగం ఈ అపోహల వల్లే.

అపోహ: ముసురు పట్టిందంటే లింక్ పోయినట్టే.

వాస్తవం: వాన ఎంతసేపు కురిసిందన్నది కాదు, ఎంత జోరుగా కురిసిందన్నది ముఖ్యం. రోజంతా ముసురును తట్టుకున్న లింక్ పావుగంట కుండపోతకు తెగిపోవచ్చు. బ్యాండ్‌ను, అంటే వాడే ఫ్రీక్వెన్సీ శ్రేణిని బట్టి కూడా తేడా ఉంటుంది. 4 గిగాహెర్ట్జ్ సీ బ్యాండ్‌లో తరంగం పొడవు 7.5 సెంటీమీటర్లు, చినుకు దానికి పెద్ద అడ్డు కాదు. 20 గిగాహెర్ట్జ్ కేఏ బ్యాండ్‌లో అది 1.5 సెంటీమీటర్లే, కాబట్టి వాన దెబ్బ ఎక్కువ.

అపోహ: పవర్ పెంచేస్తే సరి.

వాస్తవం: వాన వల్ల అప్‌లింక్‌లో (డిష్ నుంచి శాటిలైట్‌కు వెళ్లే సిగ్నల్‌లో) ఎంత తగ్గిందో అంతే పెంచాలి. అంతకు మించితే పక్క క్యారియర్లు (పక్క ఫ్రీక్వెన్సీల్లో వెళ్లే సిగ్నళ్లు) పాడవుతాయి.

అపోహ: ఏసీఎం (సిగ్నల్ బలాన్ని బట్టి మాడ్యులేషన్, కోడింగ్‌లను దానంతటదే మార్చే పద్ధతి) ఉందిగా, బ్యాండ్‌విడ్త్ సంగతి అదే చూసుకుంటుంది.

వాస్తవం: దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఏసీఎం లింక్ తెగకుండా కాపాడుతుంది, వేగాన్ని కాపాడదు. ఒకే సైట్‌కు సెకనుకు 5 మెగాసింబల్స్ పంపే డీవీబీ-ఎస్2 (శాటిలైట్ ప్రసార ప్రమాణం) క్యారియర్ ఉందనుకోండి. ఆకాశం తేటగా ఉన్నప్పుడు 8పీఎస్‌కే 3/4 అనే మాడ్‌కాడ్ (మాడ్యులేషన్, కోడింగ్‌ల జోడీ) మీద సుమారు 11 ఎంబీపీఎస్ వస్తుంది. వానలో క్యూపీఎస్‌కే 1/2 అనే గట్టి మాడ్‌కాడ్‌కు దిగితే ఇంకో 7 డీబీ (డెసిబెల్స్) సిగ్నల్ నష్టాన్ని తట్టుకుంటుంది, కానీ వేగం 5 ఎంబీపీఎస్ లోపుకు పడిపోతుంది.

రౌటర్‌కు ఈ సంగతి తెలియకపోతే అది 11 పంపుతూనే ఉంటుంది. మోడెమ్‌లో క్యూ నిండి, ఏది కాల్, ఏది బ్యాకప్ అని చూడకుండా ప్యాకెట్లు పోతాయి. ఒక సైట్‌లో ప్రతి వానకూ కాల్స్ తెగుతుంటే ఎన్నోసార్లు డిష్ సరిచేయించాం. చివరికి చూస్తే తప్పు రౌటర్ షేపర్‌లో (పంపే వేగానికి హద్దు పెట్టే సెట్టింగ్‌లో) ఉంది. మోడెమ్ తన ప్రస్తుత వేగాన్ని రౌటర్‌కు చెప్పాలి, లేదా క్యూఓఎస్ (ఏ డేటా ముందు వెళ్లాలో తేల్చే ఏర్పాటు) మోడెమ్‌లోనే ఉండాలి. వాయిస్‌కు, ముఖ్యమైన డేటాకు ఇచ్చే గ్యారంటీలన్నీ కలిపినా అతి తక్కువ మాడ్‌కాడ్ వేగంలో ఇమడాలి. బ్యాకప్‌లు, అప్‌డేట్లు వాన తగ్గేదాకా ఆగినా నష్టం లేదు.

అపోహ: మా దగ్గర ఎండ కాస్తోంది, కాబట్టి వాన కారణం కాదు.

వాస్తవం: హబ్ (సైట్లన్నిటినీ శాటిలైట్ ద్వారా కలిపే ప్రధాన కేంద్రం) దగ్గర పడుతుండొచ్చు. అక్కడ సిగ్నల్ తగ్గితే సైట్లన్నీ ఒకేసారి నెమ్మదిస్తాయి. అందుకే కొన్ని నెట్‌వర్క్‌లలో పదుల కిలోమీటర్ల దూరంలో రెండో గేట్‌వే (హబ్ పని చేసే ఇంకో కేంద్రం) పెడతారు. ఫిర్యాదు రాగానే టెక్నీషియన్‌ను పంపేముందు హబ్‌లో బీకన్ (శాటిలైట్ పంపే స్థిరమైన సూచక సిగ్నల్) లెవెల్ చూడండి.