గది దాటని కెమెరా

ఒకే గదిలో నడిచే సైకలాజికల్ థ్రిల్లర్ అనగానే చాలామంది ముందుగా ఖర్చు మాట ఎత్తుతారు. నలుగురు నటులు, ఒక సెట్, కొద్దిరోజుల షూటింగ్, అంతే కదా అంటారు. ఈ తరహా సినిమాల చరిత్ర తిరగేస్తే ఆ మాట నిలవదు. గది ఇరుకైన కొద్దీ దర్శకుడి పని కష్టమవుతూ వచ్చింది. కెమెరా గది దాటాలా, వద్దా అన్నదే అన్ని కాలాల్లోనూ అసలు చిక్కు.

ఆ చిక్కు సినిమా పసితనం నాటిది. 20వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచ్ రంగస్థలం మీద ఆంద్రే ద లోర్ద్ నాటకం ఒకటి ఆడింది. ఊరికి దూరంగా ఉన్న ఇంట్లో భార్యాబిడ్డలు, ఎక్కడో భర్త, మధ్యలో టెలిఫోను. ఇంట్లోకి హంతకులు చొరబడతారు. భర్త చేయగలిగింది వినడం ఒక్కటే. 1909లో అమెరికన్ దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్ ఆ కథనే అటూ ఇటూ మార్చి ‘ది లోన్లీ విల్లా’ తీశాడు. తలుపుకు అడ్డంగా సామాన్లు నెడుతున్న తల్లీకూతుళ్లు ఒక షాట్లో, వాళ్ల కోసం పరుగున వస్తున్న తండ్రి ఇంకో షాట్లో. నాటకంలో చనిపోయిన కుటుంబం తెర మీద బతికింది. లోపలికీ బయటికీ తిరిగే ఆ కట్, అంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు దూకడం, సినిమాకు పెద్ద బలమైంది, చూసేవాళ్లకు ఊపిరి పీల్చుకునే వీలూ ఇచ్చింది. తర్వాతి కాలంలో ఇరుకు గది థ్రిల్లర్లు తీసినవాళ్లు ఆ వీలును కొద్దికొద్దిగా లాగేసుకుంటూ వచ్చారు.

‘రోప్’ (1948)లో దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ అసలు కట్‌నే వదిలేయాలని చూశాడు. ఇద్దరు యువకులు స్నేహితుణ్ని చంపి, శవాన్ని పెట్టెలో దాచి, ఆ పెట్టె మీదే విందు వడ్డిస్తారు. అతిథుల్లో చనిపోయినవాడి తండ్రి కూడా ఉంటాడు. అప్పటి కెమెరాలో పట్టే ఫిల్ము 1000 అడుగులు, అంటే పది నిమిషాల పైచిలుకు. ఆపకుండా తీసే ఒక్కో టేకును అంతవరకూ సాగదీశాడు. రంగుల చిత్రాలు తీసే అంత బరువైన టెక్నికలర్ కెమెరా గదుల్లో తిరగాలంటే గోడలే తప్పుకోవాలి. అందుకే సెట్ గోడల్ని కదిలేలా కట్టి, నటులు నటిస్తుండగానే చప్పుడు కాకుండా పక్కకు లాగేవారు. ఈ ప్రయోగాన్ని హిచ్‌కాక్ తర్వాత తనే కొట్టిపారేశాడు. నాకైతే ఆయన తనకు తాను అన్యాయం చేసుకున్నాడనిపిస్తుంది. పనిమనిషి ఆ పెట్టె మీది పళ్లాలు, కొవ్వొత్తులు, గుడ్డ ఒక్కొక్కటే తీసుకుపోయే ఘట్టం చూడండి. మిగతావాళ్ల మాటలన్నీ తెర బయటి నుంచి వినిపిస్తుంటాయి. కెమెరా కదలదు. పెట్టె మూత తెరుచుకోవడానికి ఇంకెంతో సేపు పట్టదని మనకు తెలుస్తూనే ఉంటుంది. అక్కడ ఒక్క కట్ పడినా ఆ భయం చెదిరిపోయేది.

సిడ్నీ లుమెట్ ‘12 యాంగ్రీ మెన్’ (1957) థ్రిల్లర్ కాదు, కోర్టు కేసులో తీర్పు తేల్చాల్సిన పన్నెండు మంది జ్యూరీ సభ్యుల కథ. అయినా ఈ దారిలో దాన్ని దాటి పోలేం. మొదట కళ్ల ఎత్తుకు పైన ఉన్న కెమెరాను, కథ నడిచేకొద్దీ కళ్ల ఎత్తుకు, చివరికి ఇంకా కిందికి దించాడు. లెన్సుల ఫోకల్ లెంగ్త్ పెంచుకుంటూ పోయాడు, అంటే వెనకున్నది దగ్గరికొచ్చినట్టు కనిపించే లెన్సులు వాడుతూ పోయాడు. గోడలు మీదికి వస్తున్నట్టు, పైకప్పు దిగుతున్నట్టు అనిపిస్తుంది. గది మాత్రం అదే గది.

దాదాపు అదే కాలంలో, 1950ల తొలి ఏళ్లలో, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త డోనాల్డ్ హెబ్ బృందం, చూపు, స్పర్శ లాంటివి అందకుండా చేస్తే మనిషి మనసు ఏమవుతుందో చూడటానికి ఒక పరీక్ష చేసింది. విద్యార్థులకు రోజుకు 20 డాలర్లిచ్చి, కళ్లకు మసక అద్దాలు, చేతులకు తొడుగులు పెట్టి, చిన్న గదిలో ఊరికే పడుకోమన్నారు. చాలామంది రెండు మూడు రోజులకు మించి ఉండలేకపోయారు. లేనివి కనిపించాయన్నారు కొందరు. ఆ ఫలితాలు 1954లో అచ్చయ్యాయి. సినిమావాళ్లు అవి చదివి కథలు రాశారని నేననను. కానీ దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ ‘రిపల్షన్’ (1965) చూస్తే ఆ గది గుర్తుకు రాక మానదు. లండన్ ఫ్లాట్‌లో ఒంటరిగా మిగిలిన యువతికి గోడలు పగులుతాయి, గోడల్లోంచి చేతులు వస్తాయి, గది కొలతలే మారిపోతాయి. గోడను కథ చెప్పే మనసుగా మార్చింది ఈ సినిమాయే అనుకుంటాను.

మన సినిమాలో గది దాటించేది పాట. తలుపులు మూసుకున్న ఇంట్లోంచి కూడా పాట మనల్ని కొండల్లోకి తీసుకుపోతుంది. కాబట్టి యశ్ చోప్రా ‘ఇత్తెఫాక్’ (1969)లో, రామ్‌గోపాల్ వర్మ ‘కౌన్’ (1999)లో పాటలు లేకపోవడం చిన్న విషయం కాదు. ‘కౌన్’లో వాన, ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు. ఎవరు ఎవరికి భయపడాలో చివరిదాకా తేలదు.

అక్కడి నుంచి గది ఇంకా కుంచించుకుపోయింది. రొడ్రీగో కోర్తెస్ ‘బరీడ్’ (2010)లో అది మట్టికింద పాతిన చెక్కపెట్టె. లోపల ఒక మనిషి, లైటరు, సెల్‌ఫోను. షూటింగు కోసం ఏడు పెట్టెలు చేయించారు. ఇంటి జ్ఞాపకంగా ఒక ఫ్లాష్‌బ్యాక్ వేసుకునే అవకాశం ప్రతి పది నిమిషాలకూ ఉంది. వేయలేదు. ఆ నిగ్రహానికి దణ్ణం పెట్టాలి.

2018లో వచ్చిన డేనిష్ చిత్రం ‘ది గిల్టీ’లో ఎమర్జెన్సీ కాల్స్ తీసుకునే పోలీసు అధికారికి, తనను ఎత్తుకుపోతున్నారంటూ ఒక స్త్రీ ఫోన్ చేస్తుంది. దర్శకుడు గుస్తావ్ మొల్లెర్ ఆమెను ఒక్కసారి కూడా చూపించడు. ఆమె ఉన్న వాహనాన్ని, దారిని, ఇంటిని మనమే ఊహించుకుంటాం. చెవికి ఫోను ఆనించుకుని, ఏమీ చేయలేక వింటున్న ఆ అధికారిని చూస్తుంటే, గ్రిఫిత్ పరుగు పెట్టించడానికి ముందు పారిస్ నాటకంలో నిలబడిపోయిన ఆ భర్తే కళ్లముందు మెదులుతాడు.